పాతకాలం సిట్‌కామ్‌లో ఆ డబ్బా ఎవరు పెట్టారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పాతరోజుల్ని చూపించే టీవీ సిట్‌కామ్‌ల (అవే పాత్రలతో ఎపిసోడ్లుగా సాగే హాస్య ధారావాహికల) మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఓటీటీ పుణ్యమా అని ఇంగ్లిష్ సిట్‌కామ్‌లు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసే అలవాటు మా ఇంట్లోకీ వచ్చింది. వ్యాసంలో చెప్పినవాటిలో చాలావరకు నేనూ చూశాను. రచయిత ఇష్టంగా రాశారు, ఆ ఇష్టం నాకూ ఉంది. కానీ ఒక వాక్యం మాత్రం మింగుడు పడలేదు. ఆ సిట్‌కామ్‌లు వెనకటి కాలాన్ని అచ్చు గుద్దినట్టు చూపిస్తాయట.

నేను ప్యాకేజింగ్ ప్రెస్సులో ప్రూఫులు చూసి రిటైరైనదాన్ని. బిస్కెట్ డబ్బాలు, సబ్బు కార్టన్లు, మందుల పెట్టెలు, సీసాల లేబుళ్లు. అచ్చు ప్లేటెక్కే ముందు వాటి మీది ప్రతి అక్షరం, ప్రతి గీత నా కళ్ల ముందు నుంచే పోయేవి. అచ్చు సంగతి ఎత్తితే నేను ఊరుకోలేను.

తెర మీద ఎవరేం మాట్లాడుతున్నా నా చూపు టేబుల్ మీదున్న డబ్బా మీదకే పోతుంది. "అమ్మమ్మా, కథ చూడు, డబ్బా కాదు" అని మా మనవరాలు విసుక్కుంటుంది. ఒకసారి తనే పాజ్ చేసి, "అప్పట్లో అందరిళ్లలోనూ నిజంగా ఇవే ఉండేవా?" అని అడిగింది. ఆ ప్రశ్నే ఈ ఉత్తరం రాయించింది.

ముందు చిన్న తప్పుల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే వాటి మీద నాకు కోపం లేదు. వస్తువు వెనక ఉండే బార్‌కోడ్‌ను కొట్టులో మొదటిసారి స్కాన్ చేసింది 1974 జూన్ 26న, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో. వస్తువు రిగ్లీ కంపెనీ జ్యూసీ ఫ్రూట్ చూయింగ్ గమ్. కాబట్టి 1968లో జరిగే కథలో తృణధాన్యాల డబ్బా వెనక నల్లగీతలు కనిపిస్తే ఆ డబ్బా నిన్న మొన్న కొట్లోంచి తెచ్చిందన్నమాట. ప్లాస్టిక్ సీసా అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది చూడండి, అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే గుర్తు, అది 1988లో వచ్చింది. అమెరికా ఆహార ప్యాకెట్ల మీద నల్ల గీతల పెట్టెలో కేలరీలు, కొవ్వు, ఉప్పు లెక్కలుండే పట్టిక 1994లో తప్పనిసరి అయింది. కూల్‌డ్రింక్ డబ్బా మూత తీస్తే రింగు ఊడి చేతికి రావడం 1960లలో మొదలైంది. ఊడకుండా డబ్బాకే అంటుకుని ఉండే రకం 1975లో వచ్చింది. ఏరియల్ అనే ఫాంట్, అంటే అక్షరాల తీరు, గీసింది 1982లో. అంతకు ముందు కాలపు కరపత్రం ఏరియల్‌లో ఉంటే, ఎవరో కుర్రాడు షూటింగ్‌కి గంట ముందు కంప్యూటర్లో కొట్టి ప్రింట్ తీశాడని నాకు తెలిసిపోతుంది.

ఇలాంటివి దొర్లుతూనే ఉంటాయి. వారానికో ఎపిసోడ్ తీసేవాళ్ల తొందర నాకు తెలియనిది కాదు. పైగా డబ్బాను అటు తిప్పి పెడితే బార్‌కోడ్ కనబడదు, సమస్య తీరిపోతుంది. ఇవి కనిపెట్టి గంతులేసే వాళ్లంటే నాకు నవ్వొస్తుంది, నాలోనూ ఆ జబ్బు కొంచెం ఉన్నా సరే.

అసలు ఏడాది లెక్కన వస్తువులు సరిచూడటంలోనే ఒక పొరపాటుంది. ఫలానా ఏడాది నుంచి లేబుల్ మారుస్తున్నాం అని కంపెనీ చెప్పినంత మాత్రాన పాత లేబుల్ ఆ రోజుతో మాయం కాదు. అచ్చయి గోడౌన్‌లో పడున్న కార్టన్లు అయిపోయేదాకా వాడతారు. కొత్త డిజైన్ ప్రూఫ్ నా టేబుల్ మీద ఎర్ర సిరా గీతలతో ఉన్న రోజుల్లో పాత డిజైన్ బయట హాయిగా అమ్ముడవుతూ ఉండేది. కొత్తది బజారుకెళ్లాక కూడా రెండూ పక్కపక్కనే ఉండేవి. ఇక ఇళ్లలో అయితే చెప్పనే అక్కర్లేదు. ఖాళీ అయిన డబ్బా పారేయకుండా సూదులూ దారాలూ పెట్టుకునేవాళ్లు ఎంతమంది లేరు! 1977లో జరిగే కథలో అన్నీ 1977 వస్తువులే ఉంటే అది కంపెనీ కేటలాగులా ఉంటుంది తప్ప మనుషులున్న ఇల్లులా ఉండదు.

దట్ సెవెంటీస్ షో ఈ విషయంలో నాకు నచ్చుతుంది. కథ 1976 మే నెలలో మొదలవుతుంది. కథలోని ముఖ్యమైన కుర్రాడికి తండ్రి ఇచ్చే కారు 1969 నాటి ఓల్డ్స్‌మొబైల్ విస్టా క్రూజర్. అప్పటికే ఏడేళ్ల పాతది. మధ్యతరగతి ఇంట్లో పిల్లాడి చేతికొచ్చే బండి అలాగే ఉంటుంది. షో మొదలైన 1998 నాటికి తయారీదారుకి అమ్ముకోవడానికి కొత్త విస్టా క్రూజర్లు లేవు, 1977తోనే ఆ పేరు ఆగిపోయింది. షో ఇంకా ప్రసారమవుతుండగానే, 2004లో, ఓల్డ్స్‌మొబైల్ అనే బ్రాండే మూతపడింది. అంటే ఆ కారును చూసి ఎవరూ షోరూముకి పరిగెత్తరు. అది అక్కడ ఉన్నది కథ కోసం. (అదే షో నాలుగేళ్లు కూడా నిండని కాలాన్ని ఎనిమిది సీజన్ల పాటు సాగదీసింది. ఎన్ని క్రిస్మస్‌లు చేసుకున్నారో ఆ ఇంటివాళ్లకే తెలియాలి.)

ది గోల్డ్‌బర్గ్స్ వాళ్లు ఇంకా తెలివిగా తప్పించుకున్నారు. 2013 నుంచి 2023 దాకా నడిచిన ఆ సిట్‌కామ్‌లో కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో చెప్పరు. "పందొమ్మిది వందల ఎనభై ఎంతో" అంటారు. దాంతో దశకం మొదట్లో వచ్చిన ఆటబొమ్మా, దశకం చివర్లో వచ్చిన సినిమా పోస్టరూ ఒకే గదిలో ఉండొచ్చు. కొందరికి ఇది మోసంలా కనిపించింది. నాకు మాత్రం నిజాయితీగానే అనిపించింది. గుర్తున్నది గుర్తున్నట్టు చెబుతున్నాను, తారీఖులు అడక్కండి అని ముందే చెప్పేశారు.

ఆ షోలో నాకు ఎపిసోడ్ కంటే ఎపిసోడ్ చివర్లో వచ్చేది ఇష్టం. దాన్ని సృష్టించిన ఆడమ్ గోల్డ్‌బర్గ్ చిన్నప్పుడు ఇంట్లో వీడియో కెమెరాతో తీసిన అసలు టేపుల ముక్కలు అక్కడ వేస్తారు. రంగులు వెలిసిపోయి, బొమ్మ ఊగిపోతూ ఉంటుంది. అందులో టేబుళ్ల మీద, అరల్లో ఏమున్నాయో చూస్తూ ఉంటాను. అవి అక్కడ ఉండటానికి ఎవరూ పైసా ఇవ్వలేదు. లేబుల్ కెమెరా వైపు తిప్పి పెట్టినవాడూ లేడు. చాలావరకు లేబుళ్లే కనిపించవు, ఇంట్లో వస్తువులు మనకు వీపు చూపించే పడుంటాయి కదా.

కాలం సరిగ్గా చూపించడమూ, కంపెనీ డబ్బిచ్చి తన సరుకు తెర మీద పెట్టించుకునే ప్రకటనా ఎదురెదురు అని మీ వ్యాసకర్త అనుకున్నారు. ఎక్కడైనా వస్తువు కాలానికి సరిపడకపోతే డబ్బు కోసం పెట్టి ఉంటారు, సరిపడితే శ్రద్ధగా వెతికి పెట్టారు అన్నట్టు రాశారు. ఇక్కడే నాకు అభ్యంతరం. పూర్తిగా కాలానికి సరిపోయే వస్తువు కూడా ప్రకటన కావచ్చు. నిజానికి బాగా పనిచేసే ప్రకటన అదే.

స్ట్రేంజర్ థింగ్స్ సిట్‌కామ్ కాదు, భయపెట్టే కథ. కానీ ఉదాహరణకు అంతకంటే మంచిది దొరకదు. దాని మూడో సీజన్ 1985 వేసవిలో జరుగుతుంది. కోకాకోలా కంపెనీ తన పాత రుచిని మార్చేసి కొత్త కోక్ తెచ్చింది 1985 ఏప్రిల్ 23న. జనం గోల పెట్టడంతో పాత రుచి తిరిగి తెస్తున్నామని జులై 11న ప్రకటించింది. మధ్యలో మూడు నెలలు కూడా లేవు. కథ సరిగ్గా ఆ రోజుల్లోనే నడుస్తుంది. ఒక కుర్రాడు ఆ కొత్త కోక్ తాగుతూ అదెంత బాగుందో మిగతావాళ్లతో వాదిస్తాడు. తారీఖు కరెక్టు, డబ్బా కరెక్టు, డబ్బా మీద అక్షరాలు కరెక్టు. నాలాంటిది ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నా గీత పెట్టడానికి చోటు లేదు. 2019 జులైలో ఆ సీజన్ విడుదలైంది. అంతకు కొన్ని వారాల ముందే కోకాకోలా ఆ పాత "కొత్త" రుచిని మళ్లీ తయారుచేసి, సుమారు 5 లక్షల డబ్బాలు అమ్మకానికి పెట్టింది! తన చరిత్రలో ఘోరంగా దెబ్బతిన్న సరుకును ముప్పై నాలుగేళ్ల తర్వాత మురిపెంగా అమ్ముకుంది. ఆ తెలివికి దండం పెట్టాల్సిందే. కానీ దాన్ని చరిత్ర పట్ల శ్రద్ధ అని మాత్రమే రాస్తే సగమే చెప్పినట్టు.

ఈ లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకెళితే నన్ను ఇబ్బంది పెట్టే విషయం వస్తుంది. వెనకటి కాలాన్ని తెర మీద గుర్తుచేయడానికి చేతులు కలపగలిగేది ఇవాళ బతికున్న కంపెనీ మాత్రమే. మూతపడిన కంపెనీకి మార్కెటింగ్ విభాగం ఉండదు, బడ్జెట్ ఉండదు, తన డబ్బా పెట్టమని అడిగేవాడు ఉండడు. ఒక కాలంలో పది రకాల కూల్‌డ్రింకులు తాగి ఉండొచ్చు జనం. వాటిలో రెండే మిగిలితే, తెర మీద ఆ కాలమంతా ఆ రెండే తాగుతారు. ఏ వస్తువూ తప్పుగా చూపించరు, అయినా మొత్తం బొమ్మ తప్పవుతుంది. నేను లేబుళ్లకు ప్రూఫులు చూసిన కంపెనీల్లో ఇప్పుడు లేనివి చాలా ఉన్నాయి. వాటి సరుకు వాడినవాళ్లు ఇంకా ఉన్నారు.

ఈ విషయంలో యంగ్ షెల్డన్‌కి ఒక మార్కు ఎక్కువ వేస్తాను. 1989లో మొదలయ్యే ఆ కథలో పిల్లాడు రేడియోషాక్ కొట్టులో టాండీ కంప్యూటర్ చూసి మనసు పారేసుకుంటాడు. షో మొదలైంది 2017లో. రేడియోషాక్ కంపెనీ 2015లోనే దివాలా తీసింది. ఆ రోజుల్లో చిన్న ఊళ్లో ఒక పిల్లాడికి కంప్యూటర్ కనిపించే చోటు ఏదో, అదే చూపించారు.

డబ్బిచ్చే దారి లేకపోతే ఎంత పెద్ద వస్తువైనా ఎలా మాయమవుతుందో చూడాలంటే సిగరెట్టు చాలు. 1965లో అమెరికాలో పెద్దవాళ్లలో 42 శాతం మంది సిగరెట్లు తాగేవారు. ఆఫీసులో, విమానంలో, భోజనాల బల్ల దగ్గర, ఆస్పత్రి వరండాలో కూడా. ఆ కాలాన్ని చూపిస్తున్నామనే సిట్‌కామ్ ఇళ్లలో యాష్‌ట్రే ఎన్నిసార్లు చూశారు? నేను చూసింది తక్కువే. అక్కడి టీవీలో సిగరెట్ ప్రకటనలు 1971 జనవరి 2 నుంచి నిషేధం. 1998లో రాష్ట్రాలతో కుదిరిన ఒప్పందం ప్రకారం పెద్ద పొగాకు కంపెనీలు సినిమాల్లో, టీవీ షోల్లో తమ సరుకు పెట్టించుకోవడానికి డబ్బివ్వడమూ కుదరదు. మంచిదే. పిల్లలు చూసే వాటిలో సిగరెట్లు తెచ్చిపెట్టమని నేను ఛస్తే అడగను. అయితే గది నిండా ఉండే పొగను తుడిచేసి, పక్కనే కూల్‌డ్రింక్ డబ్బాను మాత్రం లైటు పడేలా పెట్టి, కాలాన్ని ఉన్నదున్నట్టు చూపించాం అనకూడదు.

ఇదంతా ఇప్పుడు కొత్తగా వచ్చిన పాడుబుద్ధి అనేవాళ్లూ ఉంటారు. కాదు. టీవీ సిట్‌కామ్ పుట్టిందే సరుకు అమ్మేవాడి ఒళ్లో. 1951లో మొదలైన ఐ లవ్ లూసీకి స్పాన్సర్ ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ. 1960లో వచ్చిన ది ఫ్లింట్‌స్టోన్స్‌కి విన్‌స్టన్ సిగరెట్లు. రాతియుగపు కార్టూన్ మనుషులు ఇంటి వెనక చేరి విన్‌స్టన్ కాలుస్తూ దాని రుచిని మెచ్చుకునే ప్రకటన అప్పట్లో వేశారు. చారిత్రక ఖచ్చితత్వం గురించి ఇంతకంటే గొప్ప జోకు ఎవరూ రాయలేరు! కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. అక్కడ ఎవరు డబ్బిచ్చారో చిన్నపిల్లాడికైనా తెలిసేది. కార్యక్రమం ముందూ వెనకా కంపెనీ పేరు మోగేది. ఇప్పుడు ఆ పేరు వంటింటి అరలోకి పోయి దాక్కుంది.

చట్టం లేకపోలేదు. అమెరికాలో 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టంలో 317వ సెక్షన్ ఉంది. డబ్బు గానీ విలువైనది మరేదైనా గానీ తీసుకుని ఏదైనా ప్రసారం చేస్తే, ఇచ్చింది ఎవరో ప్రసారంలోనే చెప్పాలి. క్విజ్ షోల మోసాలు, రేడియోలో పాటలు వేయడానికి లంచాలు బయటపడ్డాక 1960లో దాన్ని సవరించారు. ఆ సవరణలోనే ఒక సందు కూడా ఉంది. వస్తువును ఉచితంగా ఇస్తే, దాన్ని కథకు అవసరమైన మేరకే చూపిస్తే, చెప్పనక్కర్లేదు. 1978లో జరిగే కథకు 1978 నాటి కూల్‌డ్రింక్ డబ్బా అవసరమే కదా! పాతకాలం సిట్‌కామ్‌కి ఉన్న సౌకర్యం ఇదే. ఇవాళ్టి కథలో డబ్బా మరీ కొట్టొచ్చినట్టు పెడితే చూసేవాడు నవ్వుతాడు. పాత కథలో అదే డబ్బా పెడితే "అబ్బ, ఎంత శ్రద్ధ!" అంటాడు.

చెప్పినా ఎక్కడ చెబుతారు? చివర్లో పేర్లు పడే చోట, చీమ తలకాయంత అక్షరాల్లో. నా అలవాటు కొద్దీ అవి చదువుదామని ముందుకు వంగేలోపు ఓటీటీలో తెర చిన్నదైపోయి పక్కన తర్వాతి ఎపిసోడ్ లెక్క మొదలవుతుంది. రిమోట్ వెతుక్కునేలోపు కొత్త ఎపిసోడ్ వచ్చేస్తుంది.

బ్రిటన్‌లో ఇంకాస్త సూటిగా చేశారు. అక్కడ 2011 ఫిబ్రవరి 28 నుంచి టీవీ కార్యక్రమాల్లో డబ్బు తీసుకుని సరుకు చూపించడానికి అనుమతించారు. దాంతో పాటే ఒక షరతు పెట్టారు. అలా డబ్బు తీసుకుని అక్కడ తీసిన కార్యక్రమం అయితే మొదట్లో, చివర్లో, ప్రతి ప్రకటనల విరామం తర్వాతా తెర మూల "పి" అనే అక్షరం గుర్తు చూపించాలి. ఎవరి సరుకో ఆ అక్షరం చెప్పదు, కాబట్టి అది సరిపోదు. అయినా కళ్లు తెరిచి చూడమని హెచ్చరిక ఉంటుంది. సిగరెట్లకు ఆ అనుమతే లేదు.

అసలు పేర్లు తీసేసి ఉత్తుత్తి పేర్లు పెడితే పోలేదా అని మా మనవరాలు అడిగింది. ఆ పద్ధతీ ఉంది. దాని గురించి కాస్త చెప్పనివ్వండి, నా వృత్తి కదా. హాలీవుడ్‌లో ఎర్ల్ హేస్ ప్రెస్ అని 1915 నుంచి నడుస్తున్న అచ్చుశాల ఉంది. వాళ్ల పనల్లా సినిమాలకు, టీవీకి లేని పత్రికలు, లేని లేబుళ్లు, లేని నంబరు ప్లేట్లు అచ్చు వేయడం. వాళ్లు అచ్చేసిన ఒకే వార్తాపత్రిక, అదే పేజీ, అదే అమ్మాయి ఫొటోతో, సంబంధం లేని ఎన్నో సిట్‌కామ్‌లలో తండ్రులు సోఫాలో కూర్చుని చదువుతూ కనిపిస్తారు. మారని పేపర్ను ఏళ్ల తరబడి చదివిన ఆ తండ్రులంటే నాకు జాలి. అలాంటి అచ్చుశాలలో ఉద్యోగం దొరికుంటే రిటైరయ్యేదాన్నే కాదు. కానీ ఇల్లంతా ఉత్తుత్తి పేర్లతో నింపినా అదీ అబద్ధమే అవుతుంది. జనం బ్రాండ్ల మధ్యే బతికారు, వాటి పేర్లతోనే వస్తువుల్ని పిలిచారు. కాబట్టి నిజమైన పేర్లు ఉండాల్సిందే. డబ్బు తీసుకోవడం కూడా పాపం కాదు, సెట్లకూ బట్టలకూ ఖర్చవుతుంది. తీసుకున్నామని చెప్పండి, అంతే.

చెప్పడం ఇప్పుడు ఎందుకంత ముఖ్యం అంటే, చూసేవాళ్లు మారిపోయారు. హ్యాపీ డేస్ (సినిమా కాదు, 1974లో ఏబీసీ ఛానల్లో మొదలైన సిట్‌కామ్) 1950ల కథ చెప్పినప్పుడు, చూసేవాళ్లలో ఆ కాలాన్ని చూసినవాళ్లే బోలెడు మంది. ది వండర్ ఇయర్స్ 1988లో మొదలై 1968 గురించి చెప్పింది. కచ్చితంగా ఇరవై ఏళ్ల దూరం. తప్పు చూపిస్తే సోఫాలో కూర్చున్న నాన్నే "ఛ, అలా ఉండేది కాదు" అనేవాడు. ఇప్పుడు ఆ సిట్‌కామ్‌లు ఓటీటీలో శాశ్వతంగా ఉండిపోయాయి. చూస్తున్నవాళ్లలో చాలామందికి ఆ కాలమే కాదు, ఆ సిట్‌కామ్ తీసిన కాలం కూడా తెలియదు. మా మనవరాలి లెక్కలో 1980లంటే ది గోల్డ్‌బర్గ్స్ ఇల్లు. సరిచూడటానికి దాని దగ్గర ఇంకేమీ లేదు, డబ్బాల వైపు చూసే అమ్మమ్మ తప్ప.

పైగా ఇప్పుడు పాత ఎపిసోడ్లనే మార్చే పద్ధతి వచ్చింది. హౌ ఐ మెట్ యువర్ మదర్ 2005లో మొదలైన సిట్‌కామ్. 2030లో ఒక తండ్రి పిల్లలకు తన యవ్వనం గురించి చెబుతున్నట్టు నడుస్తుంది. 2011లో దాని పాత ఎపిసోడ్లు పునఃప్రసారం చేసినప్పుడు, ఆ ఏడాది విడుదలవుతున్న సినిమాల ప్రకటనల్ని కంప్యూటర్‌తో ఆ దృశ్యాల్లోకి అతికించారు. నాలుగైదేళ్ల క్రితం తీసిన గదిలో, అప్పటికి ఇంకా పుట్టని సినిమా తాలూకు ప్రకటన! చూసినవాళ్లు పట్టుకున్నారు కాబట్టి వార్త అయింది. కథ తెలిసినవాళ్లు కాబట్టి పట్టుకోగలిగారు.

ప్రెస్సులో మాకొక నియమం ఉండేది. ఆమోదించిన ప్రూఫ్ మీద సంతకం, తేదీ ఉంటాయి. ఆ తర్వాత ఒక్క చుక్క మార్చినా కొత్త ప్రూఫ్, కొత్త సంతకం, కొత్త తేదీ. పాతది ఫైల్లో అలాగే ఉండాలి. ఏదైనా గొడవొస్తే ఎప్పుడు ఏది మారిందో ఫైలు తీసి చూపించేవాళ్లం. కోట్ల మంది చూసే ఎపిసోడ్‌కి సబ్బు కార్టన్‌కి ఉన్నపాటి నియమం కూడా లేదంటే ఏమనాలి? పాత ఎపిసోడ్‌లోకి కొత్త సరుకు అతికిస్తే, ఫలానా ఏడాదిలో మార్చాం అని ముందే తెర మీద వేయాలి. మార్చని ప్రతిని కూడా అందుబాటులో ఉంచాలి. ఓటీటీ వాళ్లకు ఇది పెద్ద పని కాదు, ఒకే ఎపిసోడ్‌ను ఎన్నో భాషల ఆడియోలతో ఉంచుతున్నవాళ్లు వాళ్లు.

నా రెండో కోరిక మీ పత్రికకే. సిట్‌కామ్ సమీక్ష చివర్లో నటీనటుల పేర్లు, ఛాయాగ్రహణం, సంగీతం అని వేస్తారు కదా. ఆ పెట్టెలోనే ఇంకో వరుస చేర్చండి. తెర మీద కనిపించే సరుకులో డబ్బిచ్చి పెట్టించుకున్నది ఏదో, నిర్మాతలు బయటకు చెప్పినంతవరకు రాయండి. చెప్పకపోతే, అడిగాం చెప్పలేదు అని రాయండి. మీ సమీక్షకులు ఇంటర్వ్యూల్లో హీరోయిన్ చీర ఎవరు డిజైన్ చేశారో అడుగుతారు. టేబుల్ మీద డబ్బా ఎవరు పెట్టించారో కూడా అడగొచ్చు.

ఉత్తరం పొడుగైంది. చోటు చాలక కత్తిరిస్తే బార్‌కోడ్ పేరా తీసేయండి, కొత్త కోక్ పేరా మాత్రం ఉంచండి. ప్రూఫ్ పంపిస్తే చూసి అదే రోజు తిప్పి పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు
(పేరు ప్రచురించవద్దని మనవి)